రెండో మైకు

ర్యాప్ కచేరీలో అందరి కళ్లూ వెలుగు పడే మనిషి మీద ఉంటే, నావి మాత్రం రెండో మైకు ఎవరి చేతిలో ఉందా అని వెతుకుతాయి. వేదిక మీద ఓ పక్కగా, పోస్టరు మీద పేరు లేని మనిషి ఒకడుంటాడు. హైప్ మ్యాన్ అంటారు. జనాన్ని ఉసిగొల్పడం, చేతులు పైకెత్తించడం, ముందు వరసల మీద నీళ్లు చల్లడం, ఇవే అతని పనులని చాలామంది అనుకుంటారు. అవన్నీ పైపై పనులు. అసలు పని ఊపిరితో.

స్టూడియోలో అయితే పాటను ముక్కలు ముక్కలుగా చెప్పుకోవచ్చు. ఒక ముక్క అయ్యాక కాసిని మంచినీళ్లు తాగి రెండోది అందుకోవచ్చు. వేదిక మీద ఆ వీలెక్కడిది? పైగా గెంతుతూ, ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెడుతూ చెప్పాలి. అందుకని పాదం చివరి రెండు మూడు మాటలు హైప్ మ్యాన్ అందుకుంటాడు. ఆ సందులో అసలువాడు గాలి పీల్చుకుంటాడు. వినేవాళ్లకు ఆ మాట మీద ఇంకాస్త బరువు పడ్డట్టు ఉంటుందే తప్ప, ఒకడు ఆగాడన్న సంగతి తెలియదు.

ఈ కిటుకు నాకు విప్పి చెప్పింది మా నేస్తం. ఇంటర్ హాస్టల్ నాటి జట్టు మాది. ఇప్పుడు ఇద్దరికీ యాభై దగ్గరపడ్డాయి. అది కొన్నాళ్లు రేడియోలో క్యాజువల్ అనౌన్సరుగా చేసింది కాబట్టి మైకు ముందు మనిషి ఎలా నిలబడాలన్న దాని మీద మహా పట్టింపు. 1994లో 'ప్రేమికుడు' వచ్చినప్పుడు, ప్రభుదేవా, వడివేలు ఆడిన ర్యాప్ పాటను హాస్టల్ వరండాలో అది గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. గుక్క తిప్పుకోలేదని మిగతా అమ్మాయిలు నమ్మేవాళ్లు. పక్కన బకెట్ బోర్లించి వాయిస్తూ పాదాల చివరలు అందుకునేది నేనే.

మొన్న గచ్చిబౌలి వైపు ఓ ఆరుబయలు మైదానంలో ముంబయి గల్లీ ర్యాపర్ ప్రోగ్రాం ఉందని తెలిసి అదే టికెట్లు కొనేసింది.

"కుర్చీలుంటాయటే?" అన్నాను.

"ర్యాప్‌కి కుర్చీలేంటే! మోకాలి పట్టీ కట్టుకుని రా."

కట్టుకునే వెళ్లాను. గేటు దగ్గర చేతికి కాగితప్పట్టీ వేసి, పర్సులోంచి నీళ్ల సీసాతో పాటు అమృతాంజనం డబ్బా కూడా తీసేసుకున్నారు, గాజుదని. లోపల అంతా మా పిల్లల ఈడువాళ్లే. "ఆంటీ, జర ఇటు రండి, ఈడ పిట్ ఓపెన్ అయితది" అని ఒక కుర్రాడు మా ఇద్దరినీ భద్రంగా పక్కకు చేర్చాడు. బీటు విరుచుకుపడే ముందు పిల్లలు వెనక్కి జరిగి మధ్యలో గుండ్రంగా ఖాళీ చేస్తారు, అది పడగానే ఒకరి మీదికొకరు దూకుతారు. మోకాలి పట్టీకి పనికొచ్చే చోటు కాదు.

బేస్ మొదలయ్యాక మాట చెవికి ఎక్కేలోపే డొక్కలో తగిలింది. చేతికున్న మట్టిగాజులు వాటంతటవే సన్నగా మోగాయి. ఈ లోతు దెబ్బకు మూలం ఓ జపాను పెట్టె. రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ యంత్రం. నిజం డ్రమ్ములా మోగడం లేదని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. 1983 కల్లా కంపెనీ తయారీ ఆపేసింది. అవి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరకడంతో డబ్బుల్లేని కుర్రాళ్ల చేతికి చిక్కాయి. తర్వాత కథ మన డొక్కలకు తెలుసు.

ర్యాపర్ వచ్చాడు. రావడం రావడమే మైకు జాలీ తలను గుప్పిట్లో మూసి పట్టుకున్నాడు. మా నేస్తం నుదురు కొట్టుకుంది. ఎదుటి గొంతును మాత్రమే వినాల్సిన మైకు, అలా మూస్తే చుట్టూ ఉన్న స్పీకర్ల మోత కూడా లాక్కుంటుంది. మాట ముద్దయిపోతుంది, సౌండు కీచుమంటుంది. ఫొటోల్లో బాగుంటుందని అందరూ అలాగే పడతారు. భుజాన తువ్వాలు వేసుకున్న హైప్ మ్యాన్ మటుకు మైకును కింది నుంచి పద్ధతిగా పట్టుకున్నాడు. ఎవరో నేర్పినట్టున్నారు, "హైదరాబాద్! బాగున్నారా!" అని అరిచాడు.

"బాగున్నాం నాయనా, మీవాడికి మైకు పట్టుకోవడం నేర్పు!" అని ఇది అంతకంటే గట్టిగా అరిచింది. చుట్టుపక్కల పిల్లలు చప్పట్లు.

నేను అతన్నే చూస్తూ నిలబడ్డాను. అతను జనాన్ని చూడడం లేదు. ర్యాపర్ భుజాలు చూస్తున్నాడు. భుజాలు కాస్త పైకి లేచాయంటే ఊపిరి అందడం లేదని. ఆ క్షణానికి ఇతని మైకు పెదాల దగ్గరికి వచ్చేసి ఉండేది.

అసలు ర్యాప్ మొదలైందే ఇలాంటి పక్కవాడి నోట. 1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్టుమెంటు హాలులో సిండీ క్యాంప్‌బెల్ ఓ పార్టీ పెట్టింది. బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కునే డబ్బుల కోసం. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. రికార్డులు తిప్పింది ఆమె అన్న కూల్ హెర్క్. అతని స్నేహితుడు కోక్ లా రాక్ మైకు పుచ్చుకుని, వచ్చిన నేస్తగాళ్ల పేర్లు పిలుస్తూ మధ్యమధ్య ఓ చమత్కారం విసిరాడు. తొలి ఎమ్సీ అని ఇవాళ అతన్నే అంటారు. నన్ను మించినవాడు లేడని రొమ్ము విరుచుకునే ఈ కళ, స్నేహితుడి పక్కన నిలబడి స్నేహితుల్ని పేరు పెట్టి పిలవడంతో మొదలవడం నాకు భలే నచ్చుతుంది.

అలాంటి స్నేహమే ఇంకొకటి. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే ర్యాప్ బృందంలోని క్యూ-టిప్, ఫైఫ్ డాగ్‌లది న్యూయార్కు క్వీన్స్‌లో చిన్నప్పటి జట్టు. విడిపోయారు, కలిశారు, మళ్లీ పోట్లాడుకున్నారు. 2016 మార్చిలో ఫైఫ్ పోయాడు. నవంబరులో వాళ్ల ఆఖరి ఆల్బం వచ్చింది. ఆ వారమే 'శాటర్డే నైట్ లైవ్'లో పాడుతుంటే, ఫైఫ్ వంతు రాగానే వేదిక మీద అతని బొమ్మ ఉన్న పెద్ద గుడ్డ దిగింది. గొంతు రికార్డులోంచి వచ్చింది. ఆ వీడియో మా నేస్తం ఒక్కసారే చూసింది, మళ్లీ పెట్టనివ్వదు.

పక్కవాడు ఊపిరి అందించడం మనకీ కొత్తేం కాదు. నాజర్ బుర్రకథలో పక్కన డక్కీలు పట్టిన వంతలు ఉత్త తాళానికి నిలబడలేదు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెబుతుంటే, వీరావేశంలో ఉన్న కథకుడు అంతలో గొంతు సర్దుకునేవాడు. ఊళ్లో వంతల్ని తలుచుకునేవాళ్లు తక్కువే అనుకోండి.

ఇప్పుడు చాలామంది ర్యాపర్లు గొంతుతో సహా పాట మొత్తాన్ని ట్రాకులో నడిపించి, దాని మీద అక్కడక్కడా కేకలు పెడుతున్నారు. అలాంటప్పుడు పట్టీ కట్టుకుని రావడమెందుకు, ఇంట్లోనే వినొచ్చుగా అంటుంది మా నేస్తం. దాని పరీక్ష ఒక్కటే: డీజే బీటు ఆపేసినప్పుడు మనిషి ఏం చేస్తాడు?

ఆపాడు. పది దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు కాబట్టి అప్పటికే హడావిడి. బీటు లేదు, ట్రాకు లేదు, ఒట్టి మనిషి గొంతు. బొంబాయి హిందీలో, అమ్మ గురించి, అద్దె గది గురించి మాట మీద మాట. పాదానికీ పాదానికీ మధ్య అతను గాలి లాగే చప్పుడు కూడా మైకులో వినబడింది. హైప్ మ్యాన్ మైకు దించేసి, తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. చివరికొచ్చేసరికి ర్యాపర్ భుజాలు లేచాయి. ఈసారి ఆ రెండు మాటలు మైదానం మొత్తం అందుకుంది. హిందీ అంతంతమాత్రమే వచ్చిన నేనూ.

క్యాబ్‌లో ఇంటిదాకా గొడవే. అతను ఆ రెండు మాటలు మర్చిపోయాడని దాని వాదన. కాదే, కావాలనే మనకు వదిలాడని నేను. తేల్చుకుందామని నా ఫోన్లో తీసిన వీడియో పెట్టాం. బేస్ దెబ్బకు గరగరమనే చప్పుడు, దాని పైన మా ఇద్దరి అరుపులు. డ్రైవరు వెనక్కి తిరిగి, "కొంచెం సౌండ్ తగ్గించండమ్మా" అన్నాడు.