గొంతు తగ్గించి పాడిన పాట

మా నాయనకు ఇంగ్లీషు రాదు. కోలారు బంగారు గనుల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసినా షిఫ్టు, లీవు, ఓవర్‌టైము దాటి ఆయన ఇంగ్లీషు ముందుకు పోలేదు. అటువంటి మనిషి ఆదివారం సాయంత్రం ఉతికిన చొక్కా తొడుక్కుని, ఒక అమెరికా పాట వినడానికి పక్క లైనుకు పోతుంటే మా అమ్మకు ఒకటే నవ్వు.

పక్క లైనులో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. ఆయన గనిలో ఫిట్టరు. పిల్లలందరికీ ఫిట్టర్ అంకుల్. కె.జి.ఎఫ్.లో పెరిగినవారికి నేను చెప్పనక్కరలేదు. ఆ ఇళ్లలో క్రిస్మస్ కేకు ఎంత ఖాయమో జిమ్ రీవ్స్ గొంతూ అంత ఖాయం. నాయన అడిగి వేయించుకునే పాట ‘హీల్ హావ్ టు గో’. అతడు వెళ్లిపోవలసిందే అని అర్థం. ఆ అర్థం నాయనకు చాలాకాలం తెలియదు. “గొంతు చూడరా, బావి అడుగునుంచి వచ్చినట్టుంది” అనేవాడు. గనిలో దిగే మనిషి కదా, ఆయన పోలికలన్నీ లోతుకు సంబంధించినవే.

ఈ పాట పుట్టుక ముచ్చటైనది. రాసింది జో అలిసన్, ఆడ్రీ అలిసన్ అనే భార్యాభర్తలు. ఆవిడది మరీ మెత్తని గొంతట. ఫోనులో మాట్లాడితే వినబడేది కాదు. నోరు కాస్త ఫోనుకు దగ్గరగా పెట్టుకో అని భర్త చెప్పవలసి వచ్చేది. రోజూ ఇంట్లో అనే ఆ మాటే పాటకు మొదలయింది. బిల్లీ బ్రౌన్ అనే గాయకుడు ముందు పాడాడు గాని అంతగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత 1959 అక్టోబరులో జిమ్ రీవ్స్ నాష్‌విల్‌లో రికార్డు చేశాడు. అప్పుడు కూడా దీన్ని రికార్డు రెండోవైపున వేశారు. రేడియోవాళ్లు తిప్పి వేయడం మొదలుపెట్టాక 1960లో అమెరికా కంట్రీ పాటల పట్టికలో పద్నాలుగు వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

టెక్సాస్ పల్లెలో 1923లో పుట్టిన రీవ్స్ మొదట బేస్‌బాల్ ఆటగాడు కావాలనుకున్నాడు. దెబ్బ తగిలి ఆట మానేశాడు. రేడియో అనౌన్సరుగా చేరాడు. తొలిరోజుల్లో ఆయన కూడా అందరిలాగే గొంతెత్తి పాడేవాడు. తర్వాత శ్రుతి దించి, మైకుకు పెదవులు ఆనించినంత దగ్గరగా నిలబడి పాడటం మొదలుపెట్టాడు. నిర్మాత చెట్ అట్కిన్స్ కూడా ఫిడేలు, స్టీలు గిటారు తీసేసి పియానో, వెనక సన్నని కోరస్ పెట్టాడు. గొంతు తగ్గించమని అడిగే పాట గొంతు తగ్గించిన మనిషికే దొరికింది. నాకు ఇప్పటికీ ఇదే వింతగా ఉంటుంది.

1973లో మా అక్కకు మదనపల్లెలో పెళ్లయింది. అత్తవారిది వ్యాపారం, ఇంట్లో ఫోను ఉండేది. నాయన రాబర్ట్‌సన్‌పేట పోస్టాఫీసుకు పోయి ట్రంకాల్ బుక్ చేసి, గంటలకొద్దీ కూర్చుని, లైను దొరకగానే వీధంతా వినబడేలా “అమ్మా, బాగుండావా?” అని అరిచేవాడు. అవతలనుంచి “బాగుండాను నాయనా” అని వచ్చేది. మూడు నిమిషాలు అయిపోయేవి. నాయన సంతోషంగా ఇంటికి వచ్చేవాడు. నాలుగైదు కాల్స్ అలాగే జరిగాయి.

ఒక ఆదివారం నాయన ఎందుకో పాట అర్థం అడిగాడు. ఫిట్టర్ అంకుల్ తమిళం కలిసిన తెలుగులో చెప్పాడు. సారాయంగడిలాంటి చోటునుంచి ఒకడు తన ప్రియురాలికి ఫోను చేస్తున్నాడు. ఆమె పక్కన ఇంకొక మగవాడున్నాడని వాడికి తెలుసు. ఆమె నోరు విప్పి చెప్పలేదు. అందుకని అవునో కాదో చెప్పు చాలు అంటున్నాడు.

“ఇదా! తాగుబోతు పాటనా నేను ఇన్నాళ్లూ విన్నది!” అని నాయన నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడు. మళ్లీ వేయమని అడగలేదు. త్వరగా ఇంటికొచ్చేశాడు.

మరుసటి వారం పోస్టాఫీసుకు నన్నూ తీసుకుపోయాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. లైను దొరికాక నాయన అరవలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా అడిగాడు. “అమ్మా, నేనడిగిందానికి ఊఁ అను, లేకుంటే లేదను. పక్కన ఎవరన్నా ఉండారా?” కాసేపు ఆగి, “కొడతా ఉండారా?” మళ్లీ ఆగి, “నేను వచ్చేదా?” అంతే. మూడు నిమిషాలు కాకుండానే పెట్టేశాడు. ఆపరేటరు అడ్డం రాని కాల్ మా నాయన జీవితంలో అదొక్కటే అనుకుంటాను.

పొద్దున మొదటి బస్సుకు పోయి సాయంత్రానికి అక్కను తీసుకువచ్చాడు. తర్వాత పెద్దమనుషులు, రాయబారాలు, మా అమ్మ ఏడుపులు అన్నీ అయినాయి. అవి ఇక్కడ వద్దు. అక్క తిరిగి పోలేదు. టీచరు ట్రైనింగు చదివి, బడిలో పనిచేసి, పింఛను తీసుకుంటోంది.

అమెరికాలో ఈ పాటకు ఆడమనిషి జవాబు చెబుతున్నట్టు ఇంకొక పాట కూడా వచ్చింది. 1960లోనే జీన్ బ్లాక్ అనే గాయని పాడింది. అదీ బాగా అమ్ముడయింది. నాకు మాత్రం నచ్చలేదు. మొదటి పాటలో ఆ స్త్రీ ఏమన్నదో మనకు చివరిదాకా వినబడదు. ఆ మౌనాన్ని చెడగొట్టకుండా ఉండవలసింది.

రీవ్స్ 1964 జులై 31న నాష్‌విల్ దగ్గర వానలో తన చిన్న విమానం తానే నడుపుతూ కూలిపోయి మరణించాడు. నలభై ఒకటి కూడా నిండలేదు. మా లైన్లలో ఆ పాట మోగేనాటికే పాడినవాడు పోయి పదేళ్లు. ఫిట్టర్ అంకుల్ కుటుంబం ఆస్ట్రేలియాకు వెళ్లిపోతూ ఆ రికార్డు నాయనకు ఇచ్చింది. వేసుకోవడానికి మా ఇంట్లో ప్లేయరు లేదు. గనులు 2001లో మూతపడి, మేము బెంగుళూరు చేరినా, అది బట్టల పెట్టెలో అడుగున అలాగే ఉంది.

అక్క గొంతు ఇప్పటికీ సన్నమే. సెల్‌ఫోనులో సగం మాటలు నాకు వినబడవు. “కాస్త దగ్గరగా పెట్టుకో అక్కా” అంటాను. “ఎందుకురా, ఇప్పుడు నా పక్కన ఎవరూ లేరుగా” అని గట్టిగా నవ్వుతుంది. ఆ నవ్వు మాత్రం బాగా వినబడుతుంది.