పట్టపగలే వచ్చిన భూతం

రాక్షసిని చివరిదాకా చీకట్లో దాచడం భయం సినిమాల పాత అలవాటు. బాంగ్ జూన్-హో 2006లో తీసిన ‘ది హోస్ట్’కి ఆ దాపరికమే లేదు. కథ ఊపందుకోకముందే రాక్షసి సియోల్‌లో హాన్ నది ఒడ్డున, ఎండలో, జనం చూస్తుండగానే నీళ్లలోంచి వచ్చి పరుగెత్తుతుంది. ఆ పరుగులో కాలు జారి పడుతుంది కూడా! నాకు అసలు భయం వేసింది అప్పుడే.

అది ఎత్తుకుపోయింది నది ఒడ్డున కొట్టు నడిపే ముసలాయన మనవరాలిని. పిల్ల తండ్రి గాంగ్-డు, అంటే సాంగ్ కాంగ్-హో, కొట్లోనే కునుకు తీసే రకం. కస్టమర్‌కి కాల్చి ఇవ్వాల్సిన స్క్విడ్ కాలు తనే నమిలేసే రకం. పిల్ల చనిపోయిందనుకుని, సంతాప సభలో ఇంటిల్లిపాదీ ఏడుస్తూ ఒకరి మీద ఒకరు పడి నేల మీద దొర్లుతారు. చుట్టూ ఫొటోగ్రాఫర్లు. నవ్వొస్తుంది, నవ్వినందుకు సిగ్గేస్తుంది.

2000లో సియోల్‌లోని అమెరికా సైనిక స్థావరంలో ఫార్మాల్డిహైడ్‌ను తూములో పోయించిన ఉదంతం నిజంగా జరిగిందే. సినిమా మొదలయ్యేదీ అలాంటి సన్నివేశంతోనే, రాక్షసి పుట్టేదీ అందులోంచే. ఆ రాజకీయం మీద చాలామంది రాశారు, నేను దాటేస్తాను.

నన్ను వదలనిది తిండి సన్నివేశం. పిల్ల బతికే ఉందని తెలిసి, వెతికి వెతికి అలసి, కొట్టుకు చేరి అందరూ తింటుంటే, పోయిన పిల్ల వాళ్ల మధ్యలోంచి లేచి కూర్చుంటుంది. ఎవరూ ఉలిక్కిపడరు. తలా కాస్త నోటికందిస్తారు. నిజానికి పిల్ల అప్పుడు మురుగు గోతిలో ఉంది. ఇది చూశాక, చివర్లో మంటల గ్రాఫిక్స్ తేలిపోయినా నాకు పట్టింపు లేదు.