గుబ్బియో నుంచి గౌరీపట్నానికి

గుబ్బియో, ఏప్రిల్ 14

బాబాయ్,

పెరూజాలో బస్సెక్కి నిన్న మధ్యాహ్నం ఇక్కడ దిగాను. ఊరు కొండవాలు మీద మెట్లుమెట్లుగా ఉంది. ఊరి చివర నుంచే బొట్టాచ్చోనే లోయ మొదలవుతుంది, నడిచి పోవచ్చు. ఒకపక్క తారురోడ్డు, రెండోపక్క ఎత్తున మధ్యయుగాల నాటి నీటికాలువ. పిన్ని అడుగుతుంది కాబట్టి ముందే చెప్తున్నా: చలి ఉంది, స్వెట్టర్ వేసుకునే తిరుగుతున్నాను.

ఇక రాయి సంగతి. మీరు నలభయ్యేళ్ళు క్రషర్లో చూసిన నల్లరాయి కాదిది. లేత గులాబీరంగు సున్నపురాయి, ఇక్కడివాళ్ళు స్కాలియా రోస్సా అంటారు. బెత్తెడు మందాన పొరలు, అన్నీ ఒకవైపుకి ఒరిగి ఉన్నాయి. అందువల్ల లోయలో పైకి నడుస్తుంటే రాతి వయసు తగ్గుతూ పోతుంది. ఒకప్పుడు ఇదంతా లోతైన సముద్రం అడుగు. వెయ్యేళ్ళకు సెంటీమీటరు చొప్పున పేరుకున్న బురద ఇది. ఆ బురదలో గవ్వలు బోలెడు, కాకపోతే కంటికి ఆననివి. సముద్రం పైనీళ్ళలో తేలుతూ బతికే ఏకకణ జీవులు కట్టుకున్న గూళ్ళు. వీటిని ఫొరామినిఫెరా అంటారు. మా ల్యాబ్‌లో ఫొరామ్‌లు అనేస్తాం.

లోయలో ఒకచోట రాతిగోడలో సన్నటి సందు ఉంది. అక్కడ సెంటీమీటరు మందం బంకమట్టి ఉండాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా చాకులతో గీకి పట్టుకెళ్ళి గుంట చేశారు. నేను చెయ్యి పెట్టి చూసి తీసేశాను. ఆ మట్టికి కింద రాక్షసబల్లుల కాలం, పైన అవి లేని కాలం. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాటి గీత. బల్లి ఎముక మాత్రం ఈ చుట్టుపక్కల రాళ్ళలో ఎక్కడా కనపడదు. మరి గీత ఇక్కడే ఉందని ఎలా తెలిసింది? భూతద్దం పెట్టి కింది పొర చూశాను. గసగసంలో సగం ఉండే గూళ్ళు, అంచుల్లో దిమ్మలు కట్టి, దిట్టంగా. మట్టికి పైనున్న పొరలో భూతద్దానికి ఏమీ దొరకలేదు. అక్కడున్నవి మిల్లీమీటరులో పదోవంతు, అంతకన్నా చిన్నవి. పెద్దవి ఒక్కసారిగా పోయాయి, బతికి బట్టకట్టినవి బుల్లివి.

గుబ్బియో, ఏప్రిల్ 16

బాబాయ్, ఇది నిన్నటి మీ ఫోనుకి జవాబు. “అంత చిన్న పురుగుని చూసి రాయి వయసు ఎలా చెప్తారే?” అన్నారు. పురుగు కాదులెండి. అయినా ప్రశ్న సరైనదే.

ఫొరామ్‌కి ఏళ్ళు తెలియవు. అది చెప్పేది వరుస మాత్రమే. ఏ జాతి ముందు పుట్టింది, ఏది ముందు అంతరించింది అన్నది. తేలే జీవులు కాబట్టి ప్రవాహాలతో సముద్రాలన్నీ చుట్టేస్తాయి. రూపం త్వరగా మారుతుంది. చెంచాడు మట్టిలో వందలకొద్దీ దొరుకుతాయి. అందుకే ఇటలీలో ఉన్న పొరనీ, ట్యునీసియాలో ఉన్న పొరనీ పక్కపక్కన పెట్టి ఇది దీనికన్నా పాతది అనగలుగుతున్నాం. ఏళ్ళ లెక్క బయటినుంచి రావాలి. అగ్నిపర్వతం బూడిద పొర మధ్యలో దొరికితే అందులోని ఖనిజాల రేడియోధార్మికత నుంచి అంకె వస్తుంది. ఆ అంకెని ఫొరామ్‌ల వరుసకి తగిలిస్తే, బూడిద లేనిచోట కూడా వయసు చెప్పొచ్చు.

ఈ గులాబీ రాయి గట్టిది, నానబెడితే కరగదు. అందుకని పలకగా కోసి, గాజు మీద అతికించి, 30 మైక్రాన్ల మందం వచ్చేదాకా అరగదీస్తారు. అప్పుడు వెలుతురు రాతిలోంచి పోతుంది, గూళ్ళ అడ్డకోతలు కనపడతాయి. స్విట్జర్లాండ్‌కి చెందిన ఒట్టో రెంజ్ 1930లలోనే ఈ పద్ధతిలో స్కాలియాని చదివాడు. తర్వాత హాన్స్‌పీటర్ లూటర్‌బాఖర్, ఇసబెల్లా ప్రెమోలీ సిల్వా రాక్షసబల్లుల కాలం ముగిసిన ఆ గీతని పొరపొరా వెతికి 1964లో ప్రచురించారు. మట్టి పైన మొదట కనపడే బుల్లి జాతుల్లో ఒకదానికి ఈ ఊరి పేరే పెట్టారు: పార్వులారుగోగ్లోబిజెరినా యూగుబినా. గుబ్బియోకి లాటిన్‌లో యూగుబియం అని పేరు. నోరు తిరగడం కష్టమే, మీరు ‘యూగుబినా’ అంటే చాలు.

వాల్టర్ అల్వారెజ్ ఇక్కడికి వచ్చింది రాళ్ళలోని అయస్కాంతత్వం కొలవడానికి. ఆ మట్టి పొర పడటానికి ఎంతకాలం పట్టిందో తేల్చాలని తండ్రి లూయీస్‌తో, ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్‌లతో కలిసి ఇరిడియం కొలిచాడు. చుట్టూ ఉన్న రాతికన్నా సుమారు 30 రెట్లు వచ్చింది. ఉల్క పడిందన్న వాదం 1980లో అలా పుట్టింది. పేపర్లలో వాళ్ళ పేర్లు మారుమోగాయి. ఏ సెంటీమీటరులో వెతకాలో చూపించినవాళ్ళు మాత్రం ఫొరామ్‌లు చదివిన ఆ ఇద్దరు. నన్నడిగితే సగం పేరు వాళ్ళకి రావాలి. నా పక్షపాతం మీకు తెలిసిందేగా.

అంకోనా, ఏప్రిల్ 19

ఇక్కడ సముద్రం ఉంది, చేపలూ ఉన్నాయి. మన పులస కాదు, దాని సంగతి వదిలెయ్యండి.

మస్సిన్యానో అని దగ్గర్లో పాడుబడ్డ క్వారీ ఒకటి. ఇయోసీన్ యుగం ముగిసి ఒలిగోసీన్ యుగం మొదలయ్యే గీతకి ప్రపంచం మొత్తానికీ ప్రమాణం ఈ గోడే. 1992లో నిర్ణయించారు. అడుగు నుంచి 19 మీటర్ల ఎత్తున, పచ్చటి ఛాయ ఉన్న మట్టిరాయి మొదలయ్యేచోట. అక్కడ ఏం జరిగింది? హాంట్కెనినా అనే ముళ్ళ ఫొరామ్ ఆఖరిసారి కనపడింది, అంతే. వయసు 3 కోట్ల 39 లక్షల ఏళ్ళు. అంకె ఎలా వచ్చిందంటే, ఈ గోడలోనే నల్ల అభ్రకం మెరిసే బూడిద పొరలున్నాయి.

ఈ మట్టిరాయి నానుతుంది. నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడలో కుళాయి కింద కడిగి, ఆరబెట్టి, సన్నటి తడి కుంచెతో ఒక్కొక్క గూడూ ఏరతాం. ఒక ల్యాబ్‌లో పాత నమూనా చూపించారు. హాంట్కెనినాకి ఒక్కో అర నుంచీ ఒక్కో పొడుగాటి ముల్లు. ఎంతసేపు చూసినా విసుగు రాలేదు.

‘ఆఖరిసారి’ అన్నమాట మీద ఎందుకింత పట్టు అంటారేమో. మన నర్సాపురం వైపు చమురు బావులు తవ్వేటప్పుడు బిట్ కిందికి పోతుంటే రాతిముక్కలు బురదతో పైకొస్తాయి. పెద్ద గవ్వలు పొడైపోతాయి, ఫొరామ్‌లు మాత్రం చెక్కుచెదరవు. కానీ పై గోడల నుంచి రాలిన కొత్త ముక్కలు కిందివాటిలో కలిసిపోతాయి. అందుకని ఒక జాతి ఎక్కడ మొదలైందో బావిలో నమ్మలేం. పైనుంచి దిగుతుంటే మొదట ఎక్కడ ఎదురైందో, అంటే అది లోకంలో ఆఖరిసారి కనపడిన చోటు, దాన్ని నమ్ముతాం. పాత రాయి అరిగి, దాని ఫొరామ్‌లు కొత్త బురదలో చేరితే ఆ లెక్కా తప్పుతుంది. అరిగిన గూళ్ళు, రంగు తేడా చూసి పట్టుకోవాలి. దీనికి యంత్రం లేదు, కళ్ళే.

రోమ్, ఏప్రిల్ 21

రేపు విమానం. అసలు సంగతి ఇంతదాకా రాయలేదు.

మన పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీల్లో కింద ఒక నల్లరాయి, పైన ఇంకో నల్లరాయి, మధ్యలో తెల్లటి సున్నపురాతి పొర ఉంటుందే, అందులో గవ్వలున్నాయని పంతొమ్మిదో శతాబ్దంలోనే రాసిపెట్టారు. ఆ గవ్వలతో వయసు తేలలేదు, వాదులాట సాగింది. దక్కన్‌లో చాలాచోట్ల ఇలాంటి మధ్యపొరలు చెరువుల అడుగున పడ్డవి, తేలే సముద్ర ఫొరామ్‌లు వాటిలో ఉండవు. మన నల్లరాయిగా గడ్డకట్టిన లావా పడమటి నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చి గోదావరి దగ్గర సముద్రాన్ని అందుకుంది. అందుకే మన పొరలో అవి ఉన్నాయి. 2008లో గెర్టా కెల్లర్, థియరీ అదాత్, సునీల్ బాజ్‌పాయ్‌ల బృందం వాటిని చదివింది. యూగుబినా గుర్తుగా పెట్టుకున్న కాలపు పొరలే అక్కడా దొరికాయి. అంటే కింది లావా పారడం ఆగింది రాక్షసబల్లులు పోయిన గీత దగ్గరే అని వాళ్ళ లెక్క. ఆ నాశనానికి ఉల్క కారణమా, లావా కారణమా అన్న పోట్లాటలో మన ఊరి రాయి సాక్షి. పోట్లాట ఇంకా తెగలేదు.

కంకరకి పనికిరాదని ఆ తెల్లపొరని మీరు పక్కకి తోయించేవారు. మీ తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. తిరుమల శిలాతోరణాన్ని జియలాజికల్ సర్వే జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది కదా, అలా ఒక్క గోడకైనా గుర్తింపు అడగాలి. క్వారీ యజమానులు మీ మాట వింటారు. పైరాయీ కిందిరాయీ మధ్య తెల్లపొర చక్కగా కనపడే పాతిక మీటర్ల గోడ ఒకటి చూసి పెట్టండి, అక్కడ బ్లాస్టింగ్ ఆపించండి. నేను రాగానే అర్జీ రాసుకుని ఇద్దరం కలెక్టరు ఆఫీసుకి వెళ్దాం.

మీ అమ్మడు