గురివింద పూసిన బాట

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే దారిలో మన్ననూరు వద్ద నల్లమల మొదలవుతుంది. ఒక భాద్రపద మాసపు ఉదయం అక్కడ బస్సు దిగి, వృద్ధుడైన ఒక చెంచు వెంట ఊరి అంచున ఉన్న కాలిబాట పట్టాను. పొదను అల్లుకొన్న సన్నని తీగె ఒకటి కనిపించింది. చింతాకును పోలిన ఆకులు. వాటి నడుమ లేత ఊదారంగు పూలగుత్తులు. ఏమి పూలని అడిగాను.

"గురివింద బాబూ! గింజ తెలుసు, పువ్వు తెలియదా?" అని నవ్వాడతడు.

నిజమే. గింజను ఎరుగని తెలుగువారు అరుదు. పూవును గుర్తించేవారు అంతకంటె అరుదు. కంది, చిక్కుడు, బఠాణీల కుటుంబానికి చెందిన ఈ తీగె మన అడవులలో సహజంగా పెరుగుతుంది. దీని గింజ శతాబ్దాలపాటు కంసాలి త్రాసులో బంగారాన్ని తూచింది. ఉత్తరాదిన దానినే రత్తీ అన్నారు. 96 రత్తీలు ఒక తులం. 1958లో మెట్రిక్ తూనికలు ప్రవేశించాక ఆ కొలువు క్రమంగా ముగిసింది.

ఆ గింజలోనే అబ్రిన్ అనే తీవ్రమైన విషమున్నది. 1891లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ దానిని అత్యల్ప మోతాదులలో ఎలుకలకిచ్చి, వాటి శరీరం ఆ విషాన్ని క్రమంగా తట్టుకొనగలగడం గమనించాడు. రోగనిరోధక శాస్త్రానికి పునాది వేసిన ప్రయోగాలలో అదొకటి.

పుష్యమాసంలో మనుమనితో కలిసి మళ్ళీ అదే బాటకు వెళ్ళాను. కాయలు ఎండి పగిలి, ఎర్రని గింజలు మెరుస్తున్నాయి. నేను అటు తిరిగి చూచేలోగా పిల్లవాడి బుగ్గ ఉబ్బింది. "ఉమ్మెయ్, నాన్నా!" అని అరిచాను. నా అరచేతిలో పడిన గింజను త్రిప్పి త్రిప్పి చూచాను. ఎక్కడా పగులు లేదు. అప్పటికి గాని నాకు ఊపిరి ఆడలేదు.

గట్టి పైపొర చెక్కుచెదరనంతవరకు విషం చాలావరకు లోపలనే ఉంటుంది. నమిలినా, దండ గ్రుచ్చడానికి రంధ్రం చేసినా ఆ రక్షణ పోతుంది. నమిలిన గింజ ఒక్కటైనా ప్రాణం తీయవచ్చు. దానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. ఎవరైనా గింజ మింగితే, లక్షణాల కోసం వేచి ఉండక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

గురివింద తన నలుపెరుగదని సామెత. ఆ నల్లని మచ్చ ఉన్నచోటనే గింజ కాయను అంటిపెట్టుకొని పెరిగింది. అది దాని బొడ్డు. తల్లితీగె గుర్తును మనం తప్పుగా ఎంచాము. ఎరుపు మాటున దాగిన విషాన్ని మాత్రం ఆ సామెత పట్టించుకోలేదు.