ఆళ్ళగడ్డ దారిలో అమెరికా కారు

పిల్లలూ! మొన్న సెలవుల్లో మా మనవడితో నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు బస్సెక్కాను. దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఎడమవైపు నల్లమల కొండలు, దారి పొడుగునా నల్లరేగడి చేలు. శిరివెళ్ళ దాటాక ఒక ఫోర్డు కారు మా బస్సును దాటిపోయింది.

"తాతా! ఫోర్డువాళ్ళు మన దేశంలో కార్లు చేయడం ఆపేస్తామని 2021లో ప్రకటించారట. అంత పెద్ద కంపెనీకి ఏమొచ్చింది?" అన్నాడు వాడు.

"ఈ రేగడి చూడు. నా చిన్నతనంలో వానపడితే ఎద్దుబండి ఇరుసుదాకా దిగబడేది. వందేళ్ళ కిందట అమెరికా పల్లెదారులూ బురదే. ఆ దారులకు తగినట్టు హెన్రీ ఫోర్డు 1908లో ఎత్తయిన, తేలికైన 'మోడల్ టి' కారు చేశాడు. వెల 850 డాలర్లు. 1913లో కారే కదులుతూ పనివాడి ముందుకు వచ్చే ఏర్పాటు చేశాడు. పన్నెండు గంటల పని గంటన్నరకు దిగింది. 1920ల మధ్యకు వెల 300 డాలర్లకు లోపే! రైతులు కూడా కొన్నారు."

"మరి మన దేశానికి?"

"1926లో ఫోర్డు వచ్చింది. 1928లో బొంబాయిలో జనరల్ మోటార్స్ వచ్చింది. భాగాలు ఓడల్లో తెచ్చి ఇక్కడ బిగించేవారు. స్వాతంత్ర్యం వచ్చాక, భాగాలను కూడా ఇక్కడే తయారు చేయాలన్నది ప్రభుత్వం. 1954 నాటికి రెండూ మానుకున్నాయి. అప్పటికి అమెరికాలో కార్లు పడవలంత పొడుగయ్యాయి. వెనుక చేపరెక్కల్లాంటి సొగసులు! 1973లో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేసరికి పెట్రోలు ధర మండింది. జనం జపాను చిన్న కార్లవైపు తిరిగారు."

"ఫోర్డు మళ్ళీ ఎలా వచ్చింది?"

"అందులో మన నంద్యాలకూ పాలుంది! ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారిని 1991లో లోక్‌సభకు ఎన్నుకున్నది నంద్యాలే. ఆయన ప్రభుత్వం 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కరలేదన్నది. రెండు కంపెనీలూ తిరిగి వచ్చాయి. కాని మనవాళ్ళలో ఎక్కువమంది కోరింది చిన్న కారు, తక్కువ పెట్రోలు. ఆ పోటీలో వెనుకబడి, జనరల్ మోటార్స్ 2017లో ఇక్కడ అమ్మకాలు ఆపింది."

ఆళ్ళగడ్డలో దిగాం. ఉలిచప్పుళ్ళు స్వాగతం చెప్పాయి. ఒక శిల్పి నల్లరాతిలో నందిని చెక్కుతున్నాడు. "ఇంకా పెద్దది చేయకూడదా?" అని అడిగాడు మనవడు.

శిల్పి నవ్వాడు. "ముందు గుడి కొలత తెచ్చుకుంటాం, బాబూ. తలుపులో పట్టని నంది ఎంత అందమైనదైతే ఏం?"

మనవడు నావైపు చూశాడు. "తాతా! మొదట్లో ఫోర్డు దారిని కొలిచాడు కదూ?"

నేను మళ్ళీ చెప్పవలసిన పని లేకపోయింది.