రెండు సెకన్ల మేక

మొన్నామధ్య ఆఫీసులో నాకొక టికెట్ వచ్చి పడింది. చిన్నపిల్లల చదువుల యాప్ ఒకటి చేస్తున్నాం లెండి, బయటి దేశపు క్లయింటు ఒకాయనకి. యాప్ తెరవగానే వాళ్ళ లోగో కదులుతూ రావాలట, సరిగ్గా 2 సెకన్లు ఉండాలట. లోపల డేటా అర సెకనులో లోడైపోయినా సరే, లోగో ఆట పూర్తయ్యేదాకా పిల్లవాడు ఆగాల్సిందే. వారం రోజులు కుస్తీ పట్టి లోడింగు టైము తగ్గించిందీ మేమే, ఇప్పుడు కూర్చుని దాన్ని పెంచే కోడు రాసేదీ మేమే. సరే, జీతం ఇస్తున్నారు కాబట్టి రాశాం.

ఆ టికెట్ చూడగానే నాకు మా అన్న గుర్తొచ్చాడు. సొంత అన్న కాదు, మా పెదనాయన కొడుకు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒక కార్టూన్ కంపెనీ ఉండేది. నిజం కంపెనీ కాదు. ఆఫీసు లేదు, కెమెరా లేదు, ఒక్క కార్టూన్ కూడా తియ్యలేదు. లోగోలు మాత్రం ఉండేవి, కనీసం ఏడో ఎనిమిదో.

మాది తంబళ్లపల్లె. 2022 దాకా చిత్తూరు జిల్లా, ఆ ఏడు జిల్లాలు విడగొట్టినప్పుడు అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. మదనపల్లె టమాటా మార్కెట్టు అంటే మీలో చాలామందికి తెలుస్తుంది, ధర పెరిగినప్పుడల్లా టీవీలో చూపిస్తారు కదా. ఆ టమాటాలు పండించే చుట్టుపక్కల ఊళ్ళలో మాదీ ఒకటి. వాన పడితే చెనిక్కాయ, బోరులో నీళ్ళుంటే టమాటా. ఎటు చూసినా గుట్టలు, వాటన్నిట్లో పెద్దది మల్లయ్యకొండ. శివరాత్రికి జనం దాని మీదికి ఎక్కుతారు, మిగతా ఏడాదంతా మేకలు ఎక్కుతాయి.

2005 ప్రాంతంలో మా పెదనాయన వాళ్ళింట్లో కేబులు పెట్టించారు. కరెంటు ఉన్నంతసేపు నేనూ అన్నా కార్టూన్లే. హిందీ రాదు, ఇంగ్లీషు అంతకన్నా రాదు. అందుకని మాకు టామ్ అండ్ జెర్రీ అంటే ప్రాణం, అందులో ఎవడూ మాట్లాడడు కాబట్టి. మొదట సింహం గర్జిస్తుంది. తర్వాత టైటిళ్ళు, వాటి చివర ఒక పేరు వస్తుంది, ఫ్రెడ్ క్వింబీ అని. మీకూ గుర్తుండే ఉంటుంది. అన్న అక్షరాలు కూడబలుక్కుని చదివి "ఈయనే రా ఇదంతా గీసేది" అని తేల్చేశాడు. చాలా ఏళ్ళు నేను అదే నమ్మాను. పరీక్షల ముందు అన్న "క్వింబీ సామీ, లెక్కలు పాస్ చెయ్యి సామీ" అని దండం కూడా పెట్టేవాడు.

సరే, మా కంపెనీ సంగతి. వాళ్ళకి సింహం ఉంది, మనకేముంది? మా అవ్వ మేపే మేకలున్నాయి. మొదటి లోగోలో మల్లయ్యకొండ, కొండ మీద గుండ్రం, గుండ్రంలో మేక. మేక తల ఇటు తిప్పి "మే" అంటుంది. అంతే. వైజయంతీ మూవీస్ బొమ్మలో ఎన్టీవోడు కృష్ణుడి వేషంలో శంఖం ఊదుతాడు కదా, అది చూశాక రెండో లోగోలో మేక కూడా శంఖం ఊదింది. జెమినీ వాళ్ళ బూర ఊదే కవల పిల్లలు చూసి మూడోదాంట్లో రెండు మేకలు పెట్టాం. వీటన్నిట్లోకీ గొప్పది అన్న తొమ్మిదో తరగతిలో గీసింది. కంపెనీ పేరు ఒక్కో అక్షరమే వచ్చి నిలబడుతుంది, మేక వచ్చి ఒక్కో అక్షరమే నమిలేస్తుంది. చివరి అక్షరం నోట్లో ఉండగా మనవైపు చూస్తుంది. నములుడు ఆపి, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు చూస్తుంది. నోటుబుక్కు మూలన గీసిన ఆ బొమ్మల్ని బొటనవేలితో గబగబా వదిలితే మేక కదిలేది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, చూసినప్పుడల్లా నవ్వేవాడిని.

సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు, కార్టూన్లలో ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచితే 12 బొమ్మలు చాలు. ఇది నాకు ఇంజనీరింగులో తెలిసింది. ఆ లెక్కన నూరు ఆకుల నోటుబుక్కు అంటే ఎనిమిది సెకన్ల కార్టూన్. మా కంపెనీ మొత్తం ఆస్తి అది. ప్రాడక్టు లేకుండా లోగో మాత్రమే ఉన్న కంపెనీ అని నవ్వకండి, బెంగళూరులో అలాంటివాటికి టీషర్టులు కూడా వేయిస్తారు :)

ఇక క్వింబీగారి కథ. ఇది తెలిసిన రోజు నాకు నిజంగా బాధేసింది. టామ్ అండ్ జెర్రీని 1940లో పుట్టించింది విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అనే ఇద్దరు. క్వింబీ ఎంజీఎం కార్టూన్ విభాగానికి నిర్మాత, అంటే మన భాషలో మేనేజరు. బొమ్మలు గీసే మనిషి కాదు. ఆ కార్టూన్లకి 7 ఆస్కార్లు వచ్చాయి. నిర్మాత హోదాలో స్టేజీ ఎక్కి తీసుకున్నది క్వింబీగారు. ఆ ఇద్దరినీ పైకి పిలవలేదు. వాళ్ళు ఎన్నేళ్ళో అలాగే పనిచేశారు. 1957లో ఎంజీఎం ఆ విభాగం మూసేస్తే సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఎవరి పేరు ముందుండాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారట. స్కూబీ డూ లాంటివాటి చివర్న చుక్క మెరిసి వచ్చే హన్నా బార్బెరా అన్న పేరు అదే. నాకు ఆ నాణెం సంగతి భలే నచ్చుతుంది. ఏళ్ళ తరబడి ఇంకొకడి పేరు కింద పనిచేసినవాళ్ళకి తమ పేర్ల వరస గురించి నాణెం ఎగరేసుకునే రోజొకటి వచ్చింది.

అన్నట్టు, లేని కార్టూన్ కంపెనీకి లోగో గీసినవాళ్ళం మేమొక్కళ్ళమే కాదు. 1988లో వచ్చిన 'హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్' సినిమా మొదలవడమే ఒక కార్టూన్‌తో మొదలవుతుంది, దాని ముందు మరూన్ కార్టూన్ అని టైటిలు. మరూన్ అనే కంపెనీ ఎక్కడా లేదు, ఆ కథలో మాత్రమే ఉంది. కాసేపటికి డైరెక్టరు "కట్" అని అరిచి, నెత్తి చుట్టూ నక్షత్రాలు తిరగమంటే పిట్టలు తిప్పావేంట్రా అని కుందేలుని తిడతాడు. ఆ కార్టూన్ని గీసింది మరూన్ వాళ్ళు కాదు కదా, లండన్‌లో రిచర్డ్ విలియమ్స్ కింద కూర్చుని గీసిన మనుషులు. తెర మీద ముందుగా కనబడేది మాత్రం లేని మరూన్. తమాషా కోసమే చేశారు, నాకూ తెలుసు. కానీ ఆఫ్‌షోర్ టీములో కూర్చుని చూస్తే ఆ తమాషా కొంచెం వేరేగా కనిపిస్తుంది.

అన్న ఇంటర్ అయ్యాక ఇంజనీరింగు వద్దన్నాడు. ఇంట్లో పెద్ద రభస. మా ఊళ్ళో అప్పటికి రెండే దార్లు, బీటెక్ చేసి బెంగళూరు బస్సెక్కడం, లేదంటే సేద్యం. "బొమ్మలు గీస్తే కూడు పెడతారా" అని పెదనాయన. పెడతారనే అప్పట్లో హైదరాబాదులో అందరూ అనుకున్నారు, అబద్ధమూ కాదు. రాజీవ్ చిలక 2001లో మొదలుపెట్టిన గ్రీన్ గోల్డ్ వాళ్ళ ఛోటా భీమ్ 2008లో పోగోలో వచ్చి దేశమంతా పాకింది. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్ళు ఫ్రాన్సు వాళ్ళతో కలిసి జంగిల్ బుక్ సీరియల్ చేస్తే 2010 నుంచి ఎన్నో దేశాల్లో వేశారు. అన్న ఒక కోర్సు చేసి, అప్పు చేసిన ఫీజు ఇంకా తీరకుండానే, 2011లో హైదరాబాదులో ఒక స్టూడియోలో చేరాడు. పేరు చెప్పను. విదేశీ కార్టూన్‌కి కీ డ్రాయింగుల మధ్య బొమ్మలు పూరించే పని. పాత్ర చెయ్యి ఇక్కడుంది, అక్కడికెళ్ళాలి, ఆ మధ్యలోవి ఇతను గీస్తాడు. మన సర్వీసు కంపెనీల్లో డిజైను అక్కడ, కోడింగు ఇక్కడ అంటారే, అచ్చం అదే.

మరుసటి ఏడు ఇంటికి ఫోను చేసి, ఆదివారం పొద్దున నేను చేసిన ఎపిసోడు వేస్తారు, నేనూ వస్తున్నా, అందరం చూద్దాం అన్నాడు. అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని చెనిక్కాయలు ఒలుస్తూ టీవీ ముందు కూర్చుంది. ఆ సీరియల్ ఏమిటో, అందులో ఎవరెవరో ఆమెకేం తెలుసు. మనవడి పేరు చివర్లో వస్తుందని మాత్రం ఎవరో చెప్పారు. అరగంట అయింది. చివరి పేర్లు మొదలవగానే చానెల్ వాళ్ళు తెరని ఓ పక్కకి నొక్కేసి, మిగతా అంతా తర్వాతి ప్రోగ్రాం ప్రకటన వేశారు. పేర్లు చీమల బారులా పైకి పోయాయి. ఆఖరికి స్టూడియో లోగో ఒక సెకను తిరిగి మాయమైంది. వెంటనే సబ్బు ప్రకటన.

"యాడుంది నాయనా నీ పేరు?" అంది అవ్వ.

అన్న కాసేపు మాట్లాడలేదు. "అదే అవ్వా, ఇప్పుడు పోయిందే, గుండ్రంగా తిరిగిందే, అదే" అన్నాడు.

అవ్వకి చదువు రాదు. "బాగుంది నాయనా" అని మళ్ళీ కాయలు ఒలుచుకుంది.

ఆ సాయంత్రం కొండ వైపు నడుస్తుంటే నాతో చెప్పాడు, తెర నొక్కకపోయినా తన పేరు ఉండేది కాదని. టీం హెడ్ల పేర్లే వేస్తారట, కింద గీసేవాళ్ళవి వేస్తే తెర చాలదట. అక్కడ చేరాకే తెలిసింది, అప్పటికే ఇంట్లో చెప్పేశాను అన్నాడు.

2013 ఫిబ్రవరిలో ఏం జరిగిందో ఈ రంగంలో ఉన్నవాళ్ళు మర్చిపోరు. హైదరాబాదులోనూ స్టూడియో ఉన్న అమెరికా కంపెనీ రిథమ్ అండ్ హ్యూస్ దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో అది పనిచేసిన 'లైఫ్ ఆఫ్ పై'కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కారు వచ్చింది. స్టేజీ మీద ఆ సంగతి ఎత్తబోతుంటే టైమైపోయిందని మ్యూజిక్కు వేసి మాట ముంచేశారు. అన్నది వేరే స్టూడియో అనుకోండి, కానీ ఆ వీడియో చూపించి "చూడ్రా, గెలిచినోడి గతే ఇది" అన్నాడు. మరుసటి ఏడు అన్న ప్రాజెక్టు అయిపోయింది, కొత్తది రాలేదు, రెండు నెలల జీతం కూడా రాలేదు. వెనక్కొచ్చేశాడు. అదే ఏడు నేను బీటెక్‌లో చేరాను. నా ఫీజు కట్టడానికి పెదనాయన మా నాయనకి అప్పిచ్చాడు. అన్న ముందరే లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ రోజు నేను అన్న మొహం చూడలేదు.

ఇప్పుడు మదనపల్లెలో ఫ్లెక్సీల షాపు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, నాయకుల బొమ్మలు. టమాటా మండీల వాళ్ళకి క్రేట్ల మీద వేసే గుర్తులు కూడా కోసిస్తాడు. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద అక్షరాలు కత్తిరించి, క్రేటు మీద పెట్టి రంగు కొట్టడమే. నాకంటే బాగానే సంపాదిస్తాడు కొన్ని నెలలు. కాబట్టి మీరు జాలిపడక్కర్లేదు, అన్నకి అది అసలు నచ్చదు.

మళ్ళీ ఆ టికెట్ దగ్గరకొద్దాం. క్లయింటు పంపిన లోగోకి కదలిక లేదు, మా డిజైనరు మానేసి వెళ్ళిపోయాడు. ఏదైనా జంతువు వచ్చి పిల్లల్ని నవ్విస్తే చాలు అన్నారు. నేను మా మేనేజరుతో మాట్లాడి అన్నకి ఇప్పించాను. 2 సెకన్లు, 24 బొమ్మలు. వారంలో పంపాడు. ఫైలు తెరిచాను. మేక! క్లయింటు పేరులో ఒక్కో అక్షరమే నములుతుంది, చివరి అక్షరం నోట్లో పెట్టుకుని మనవైపు చూస్తుంది. ఇరవై ఏళ్ళ కిందటి నోటుబుక్కు మేకే. చూపు కూడా అదే. క్లయింటు మీటింగులో రెండుసార్లు వేయించుకుని చూశారు, నవ్వారు, ఓకే అన్నారు.

డబ్బులు సరిగ్గానే వచ్చాయి. యాప్‌లో పేరు వేస్తారా అని నేనే అడిగాను. కుదరదన్నారు. మా పేర్లే లేవు, బయటివాడిది ఎలా వేస్తారు. అప్పుడు నాకు వారెన్ రాబినెట్ గుర్తొచ్చాడు. అటారీ వాళ్ళు గేములు రాసినవాళ్ళ పేర్లు వేసేవాళ్ళు కాదు. అందుకని 1980 ప్రాంతంలో వచ్చిన 'అడ్వెంచర్' గేములో అతను ఎవరికీ చెప్పకుండా ఒక రహస్య గది పెట్టి, అందులో తన పేరు రాసుకున్నాడు. అతను కంపెనీ మానేశాక ఒక కుర్రాడు అది కనిపెట్టి ఉత్తరం రాసేదాకా వాళ్ళకే తెలీదు. మనం ఈస్టర్ ఎగ్ అంటున్నది దాన్నే.

అంత ధైర్యం నాకెక్కడిది. యానిమేషన్ ఫైలు పిలిచే చోట, కోడులో ఒక్క లైను కామెంటు రాశాను. మేకని గీసింది ఫలానా అని అన్న పేరు, పక్కన తంబళ్లపల్లె. అది పిల్లలకి కనబడదు, క్లయింటుకీ కనబడదు, ఆ ఫైలు తెరిచిన ప్రోగ్రామరుకి మాత్రమే కనబడుతుంది. ఆ సాయంత్రం ఫోనులో అన్నకి చెప్పాను కూడా. "కోడులోనా? ఎంతకాలం ఉంటుంది రా?" అన్నాడు. యాప్ ఉన్నంతకాలం అన్నాను.

మర్నాడు కోడ్ రివ్యూలో మా లీడు రాశాడు, బయటి వ్యక్తుల పేర్లు కోడులో ఉండకూడదు, తీసెయ్యండి అని. మర్యాదగానే రాశాడు. రూలు కూడా నిజమే. నేను ఎదురు చెప్పొచ్చు, కనీసం ఎందుకు అని అడగొచ్చు. రిలీజు శుక్రవారం, అప్రైజలు వచ్చే నెల. లైను తీసేసి, "అయిపోయింది" అని జవాబు పెట్టి, టీకి వెళ్ళాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

యాప్ వచ్చి పదిహేను రోజులైంది. అన్న తన కూతురికి ఫోనులో వేసి చూపించాడట, ఆ పిల్ల మేక కోసమే యాప్ మూసి మళ్ళీ తెరుస్తోందట, పాఠం దాకా వెళ్ళనే వెళ్ళదట. ఫోన్ చేసి నవ్వుతూ చెప్పాడు. కామెంటు సంగతి నేను చెప్పలేదు. అన్న ఇవన్నీ చదవడు గానీ, వదిన చదువుతుంది.