మూడు దేశాల వంట పందాలు

నలుడూ, భీముడూ ఇద్దరూ వంటలో దిట్టలే. ఒకరు ఋతుపర్ణుడి కొలువులో బాహుకుడై, మరొకరు విరాటుడి కొలువులో వలలుడై గరిటె పట్టుకున్నారు. యీ ఇద్దరిలో ఎవరి చేతివంట గొప్పదో తేల్చాలని మాత్రం మన పెద్దలెవరికీ తోచలేదు. ఇద్దరినీ కలిపి "నలభీమపాకం" అని వూరుకున్నారు. ఇప్పుడైతే అట్లా వూరుకుంటారా? చెరొక పొయ్యీ ఇచ్చి, ఎదురుగా గడియారం పెట్టి, ముగ్గురు న్యాయనిర్ణేతలను నిలబెట్టి టెలివిజన్‌లో చూపించి వుందురు.

యీ వంట పందాలను ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు. చిత్రమేమంటే, చూసేవాళ్లకు రుచీ తెలియదు, వాసనా తెలియదు. అయినా "అయ్యో, ఉప్పు ఎక్కువైందట!" అని సొంత పెళ్లివిందు పాడైనంతగా బాధపడతారు. నిజానికి మనం చూసేది వంటను కాదు, వండే మనిషిని. ఆ మనిషిని నిలబెట్టి ఏ దేశం ఏమని అడుగుతుందో తెలియాలంటే మూడు చోట్లకు వెళ్లి రావాలి. టిక్కెట్టు అక్కర్లేదు, రండి.

టోకియోలో యుద్ధం

1993 అక్టోబరులో జపానులోని ఫూజీ టెలివిజన్ "ర్యోరి నో తెత్సుజిన్" అనే కార్యక్రమం మొదలుపెట్టింది. "వంటలో ఉక్కుమనుషులు" అని చెప్పుకోవచ్చు. 1999 దాకా నడిచింది. వంటగదిని కుస్తీ గోదాలాగా కట్టారు. తకేషీ కాగా అనే నటుడు రాజుగారి ఠీవితో వచ్చి, పసుపుపచ్చని బుట్టమిరపకాయను పచ్చిదే కసుక్కున కొరికి చిరునవ్వు నవ్వుతాడు. ఉక్కుమనుషులు దేవతావిగ్రహాల్లాగా కిందినుంచి పైకి లేస్తారు. బయటినుంచి వచ్చిన వంటవాడు వాళ్లలో ఒకరిని సవాలు చేస్తాడు. అప్పుడు గుడ్డ తొలగించి ఆనాటి సరుకు చూపిస్తారు. ఒకరోజు చేప, మరొకరోజు వంకాయ. గంట సేపట్లో దానితోనే వరుసగా వంటకాలన్నీ చెయ్యాలి. పక్కన వ్యాఖ్యాతలు క్రికెట్టు ఆట చెప్పినట్టు చెబుతూ వుంటారు.

ఇదంతా ఆర్భాటమే అనుకోకండి. ఆ ఉక్కుమనుషుల్లో ఒకడు చెన్ కెనిచీ. చైనాలోని సిచువాన్ వంటను జపానువాళ్లకు అలవాటు చేసినవాడు ఆయన తండ్రి. మొదటినుంచి చివరిదాకా ఆ గోదాలో నిలబడ్డది కొడుకు. ఓడితే పోయేది తన పరువొక్కటే కాదు, వంట నేర్పినవారిది కూడా. "గెలుస్తావా, ఓడతావా?" అన్నదొక్కటే అక్కడి ప్రశ్న.

బర్క్‌షైర్‌లో గుడారం

ఇక ఇంగ్లండుకు పోదాం. లండన్ నుంచి పడమరగా వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలో న్యూబరీ వున్నది. దాని సమీపంలోనే వెల్ఫోర్డ్ పార్క్. పాతకాలపు భవంతి, పక్కనే లాంబోర్న్ అనే చిన్న యేరు. ఫిబ్రవరిలో నేలంతా తెల్లని పూలు పూస్తే జనం చూడటానికి వస్తారు. ఆ పచ్చికమీదే తెల్లటి గుడారం వేసి "గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్" తీస్తారు. 2010లో బి.బి.సి. ప్రారంభించిన యీ పోటీ 2014లో యీ తోటకు వచ్చింది. 2017లో ఛానెల్ ఫోర్‌కు మారింది.

ఇక్కడ సింహాసనాలు లేవు. పోటీదారులు వుద్యోగస్తులు, విద్యార్థులు, అమ్మమ్మలు. వారాంతాల్లో వచ్చి కేకులూ రొట్టెలూ కాల్చి, మళ్లీ ఎవరి పనికి వాళ్లు పోతారు. గెలిచినవారికి డబ్బు ఇవ్వరు. కేకు పెట్టుకునే పళ్లెమూ, పూలగుత్తీ ఇస్తారు. అసలు ప్రత్యర్థి వాతావరణమే. ఎండ కాస్తే వెన్న కరుగుతుంది, చాక్లెట్ గట్టిపడనంటుంది. 2014లో ఒకాయన ఐస్‌క్రీము కరిగిపోతే కోపం పట్టలేక వంటకమంతా చెత్తబుట్టలో పారేశాడు. దేశమంతా దాన్ని గురించే మాట్లాడుకుంది.

ఒక పరీక్షలో తయారుచేసే విధానం సగమే చెప్పి, ఎవరు చేశారో తెలియకుండా వరుసగా పెట్టి రుచి చూస్తారు. పొంగిందా, లోపల ఉడికిందా, అడుగు మెత్తబడిందా? "పని శ్రద్ధగా చేశావా?" అని అడుగుతారన్నమాట. 2015లో గెలిచిన నాదియా హుస్సేన్ తల్లిదండ్రులది బంగ్లాదేశ్. ఆఖరి రోజున ఆమె చేసిన పెళ్లికేకు ఇంగ్లీషువాళ్లదే; చుట్టూ అలంకరించిన చీరగుడ్డ మాత్రం తనది. మరుసటి సంవత్సరం ఎలిజబెత్ రాణి తొంభయ్యవ పుట్టినరోజు కేకు కూడా ఆమె చేతిదే.

మెల్‌బోర్న్‌లో చద్దన్నం

"మాస్టర్‌షెఫ్" 1990లో ఇంగ్లండులోనే పుట్టినా, దానికి పట్టం కట్టింది ఆస్ట్రేలియా. అక్కడ 2009లో మొదలైంది. 2010 ఎన్నికల్లో ప్రధాని జూలియా గిలార్డ్‌కూ, ప్రతిపక్ష నాయకుడు టోనీ అబట్‌కూ టెలివిజన్‌లో వాదం ఏర్పాటైంది. అదే రాత్రి మాస్టర్‌షెఫ్ ఆఖరి పోటీ. ఏది జరిపారనుకున్నారు? వాదాన్నే గంట ముందుకు జరిపారు!

ఆస్ట్రేలియాకు ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి స్థిరపడ్డారు. అందుచేత అక్కడి ప్రశ్న వేరు: "నువ్వెవరు? మీ ఇంట్లో ఏం తింటారు?" 2021 ఆఖరి పోటీలో మెల్‌బోర్న్ వనిత కిశ్వర్ చౌధురీ దానికి నిలువెత్తు జవాబు చెప్పింది. ఈమె తల్లిదండ్రులదీ బెంగాలీ కుటుంబమే. రాత్రి అన్నంలో నీళ్లుపోసి పులియబెట్టే "పాంతా భాత్", బంగాళాదుంప ముద్ద, వేయించిన చేప తెచ్చి న్యాయనిర్ణేతల ముందు పెట్టింది. అచ్చంగా మన చద్దన్నమే! ముగ్గురూ పదికి పది మార్కులు వేశారు. అయినా చివరి లెక్కలో ఆమెకు మూడో స్థానమే దక్కింది.

నాదియా ఇంగ్లీషు కేకుతో గెలిచింది. కిశ్వర్ పుట్టింటి అన్నంతో నిలబడి ఓడింది. కాని బెంగాలీలు ఎక్కడెక్కడ వున్నారో అక్కడల్లా ఆ పళ్లేన్నే తలుచుకున్నారు. మనమూ అంతే గదా? "పెద్దల మాట చద్దిమూట" అంటూనే, పొద్దున చద్దన్నం తిన్నామని నలుగురిలో చెప్పడానికి మొహమాటపడతాం.

మన ఇంటి మాట

మన దేశంలో మాస్టర్‌షెఫ్ 2010లో వచ్చింది. మొదటి విజేత పంకజ్ భదౌరియా లక్నోలో బడిపంతులమ్మ. వుద్యోగం వదులుకుని మరీ పోటీకి దిగింది. 2015లో పోటీ అంతా శాకాహారంతోనే నడిపారు. 2021లో జెమిని టీవీ ద్వారా తెలుగులోనూ వచ్చింది. మన ఇళ్లలో మాత్రం యీ పందెం ఏ టెలివిజనూ లేకుండా రోజూ రెండుపూటలా జరుగుతూనే వుంది. బాగుంటే మార్కులు లేవు. ఉప్పు తగ్గితే మాత్రం తీర్పు తక్షణం వెలువడుతుంది!

మూడు దేశాలూ చూశాం. యుద్ధం చూడటానికి సరదాగా వుంటుంది, శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. మనసులో నిలిచేది మూడోదే. ఎందుకంటే అది మన పురాణంలోనే వుంది. రూపం మారిపోయిన నలుణ్ణి దమయంతి ఎట్లా గుర్తుపట్టింది? బాహుకుడు వండిన వంట తెప్పించి రుచి చూసింది. ఎవరికన్నా ఎక్కువ, ఎవరికన్నా తక్కువ అని ఆమె పోల్చలేదు. తన మనిషిని పోల్చుకుంది.